పుచ్చ సాగులో వీడ్ మ్యాట్: ఏ పొలానికి పనికొస్తుంది, ఏ పొలానికి భారం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి కోతలయ్యాక ఎక్కువ మంది మినుమో పెసరో చల్లుతారు. నీళ్ల వసతి ఉంటే మొక్కజొన్న వేస్తారు. బోరూ డ్రిప్పూ ఉన్నవాళ్లలో కొందరు వేసవి పుచ్చ పెడతారు. డెబ్బై, ఎనభై రోజుల్లో చేతికొచ్చే పంట, ధర దొరికితే మిగులు బాగానే ఉంటుంది. పెట్టుబడి లెక్క వేసుకునే దగ్గరే ఇప్పుడు కొత్త ప్రశ్న ఒకటి వస్తోంది. కలుపు కోసం ఇన్నాళ్లూ పరిచిన మల్చింగ్ షీటు బదులు, నర్సరీల్లో నేల మీద కనిపించే ఆ నల్లటి అల్లిక గుడ్డ పరిస్తే ఎలా ఉంటుందని. దుకాణాల్లో దాన్ని వీడ్ మ్యాట్ అనీ గ్రౌండ్ కవర్ అనీ అమ్ముతున్నారు. ఐదేళ్లు ఉంటుంది, ఒకసారి కొంటే చాలు, కలుపు మొలవదు అనేవి అమ్మేవాళ్లు చెప్పే మాటలు. మూడింటిలోనూ నిజం ఉంది, మూడింటికీ షరతులున్నాయి.

క్లుప్తంగా

షీటు ఒక పంటకు పెట్టే ఖర్చు. మ్యాటు చాలా పంటల మీద రాబట్టుకోవాల్సిన పెట్టుబడి. తుంగ ఎక్కువగా ఉన్న పొలాల్లో, బోదెల (మొక్కలు నాటే ఎత్తు మట్టి వరుసల) మధ్య ఖాళీల్లో మ్యాటు షీటు కంటే బాగా పనిచేస్తుంది. తేమను పట్టి ఉంచడంలో, రసం పీల్చే పురుగులను దూరం పెట్టడంలో వెండి రంగు షీటుదే పైచేయి. డ్రిప్ లేని పొలంలో మ్యాటు దాదాపు దండగ. వరి పొలంలో అయితే ఏటా చుట్టి పక్కన పెట్టే ఓపిక ఉన్నవాళ్లకే గిట్టుబాటు.

ఏది గుడ్డ, ఏది షీటు

మల్చింగ్ షీటు పాలిథిన్ పొర. పుచ్చకు సాధారణంగా 25 నుంచి 30 మైక్రాన్ల మందంలో, పైన వెండి రంగు, కింద నలుపు ఉన్నది వాడతారు. నీరు, గాలి దాని గుండా పోవు. వీడ్ మ్యాటు పాలీప్రొపిలీన్ పట్టీలతో నేసిన బట్ట. యూరియా బస్తా ఎలా నేస్తారో ఇదీ అలాగే నేస్తారు, ముడిసరుకు కూడా అదే. తేడా రెండు చోట్ల ఉంది. మ్యాటు నల్లగా ఉండి వెలుతురును ఆపుతుంది. ఎండకు పెళుసెక్కకుండా దాని తయారీలో యూవీ మందు కలుపుతారు. ఖాళీ బస్తాలు విప్పి పరిచి చూసినవాళ్లకు ఈ రెండు తేడాలూ తెలిసే ఉంటాయి. తెల్ల బస్తా కింద వెలుతురు సోకి గడ్డి పాలిపోయి అయినా పెరుగుతుంది. కొన్ని నెలల ఎండకే బస్తా పొడిపొడిగా రాలిపోతుంది, ఆ పొడిని ఏరడం ఎవరి తరమూ కాదు.

మ్యాటుకు నేత సందుల గుండా నీళ్లు దిగుతాయి, నేలకు గాలి ఆడుతుంది. నేయకుండా పోగులను అదిమి తయారుచేసే మరో రకం బట్ట కూడా దొరుకుతుంది. చేతికి మెత్తగా ఉంటుంది, చవక. పొలంలో తొక్కుడుకు, లాగుడుకు అది నిలవదు. ఈ వ్యాసంలో మ్యాటు అన్నచోటల్లా నేసిన రకం అనే అర్థం.

పుచ్చకు కలుపు ఎందుకు ఇంత బెడద

పుచ్చ వరుసల మధ్య దూరం ఎక్కువ. రెండు మీటర్ల ఎడం పెట్టి, వరుసలో మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్లు ఇచ్చే పద్ధతి సాధారణం. మొలకెత్తిన మొదటి మూడు వారాలు మొక్క అరచేయంత కూడా ఉండదు. చుట్టూ ఉన్న నేలంతా ఖాళీ. ఆ ఖాళీలో ఎండ, తడి, అడుగున వేసిన ఎరువు అన్నీ కలుపుకే అందుతాయి. విత్తిన నాటి నుంచి నాలుగు నుంచి ఆరు వారాల వరకు చేను శుభ్రంగా ఉంటే, ఆ తర్వాత మొలిచే కలుపు దిగుబడిని పెద్దగా దెబ్బతీయదు. అప్పటికి తీగలే నేలను కమ్మేస్తాయి.

చిక్కంతా ఆ నెల, నెలన్నర గడువులోనే ఉంది. తీగ సాగడం మొదలయ్యాక గుంటక గానీ పవర్ వీడర్ గానీ లోపలికి పోదు. మనిషి దిగినా తీగ తొక్కుడు పడుతుంది. కలుపును చుట్టుకున్న నులితీగలను విడదీస్తుంటే పూత, పిందె రాలతాయి. వేళ్లలో ఎక్కువ భాగం పై అడుగు లోతులోనే ఉంటాయి కాబట్టి దగ్గరగా తవ్వితే మొక్క వాడుతుంది. అందుకే పుచ్చలో కలుపు తీత ఆలస్యమైతే తర్వాత సరిదిద్దుకోవడం కష్టం.

మందులతో తేల్చుకుందామంటే దారి ఇరుకు. గడ్డి జాతిని మాత్రమే చంపే మందులున్నాయి కానీ వెడల్పాకు కలుపును చంపేది ఏదైనా వెడల్పాకు పంటే అయిన పుచ్చకూ ముప్పే. పక్క వరి మడిలో కొట్టిన 2,4-డి కలుపు మందు గాలికి కొద్దిగా కొట్టుకొచ్చినా పుచ్చ ఆకులు మెలితిరుగుతాయి. మొక్కజొన్నకు అట్రజిన్ వాడిన చేలో వెంటనే పుచ్చ పెడితే నేలలో మిగిలిన మందు మొలకను దెబ్బతీయవచ్చు. అన్ని రకాల మొక్కలనూ చంపే గ్లైఫోసేట్ వాడకాన్ని 2022లో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే (మందు కొట్టే లైసెన్సు ఉన్నవాళ్లకే) పరిమితం చేసింది. మొక్కజొన్న విస్తారంగా సాగయ్యే రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల వైపు పొలాల్లో పుచ్చ వేసేవాళ్లు ముందు పంటకు ఏ మందు కొట్టారన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం. కౌలుకు తీసుకున్నవాళ్లైతే తప్పనిసరిగా.

మిగిలింది కూలీలు. డిసెంబరు, జనవరిలో పెట్టిన తోటకు కలుపు తీసే రోజులు వరి నూర్పిళ్లతో కలుస్తాయి. ఫిబ్రవరిలో పెడితే శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానంలో జీడి పిక్కలు ఏరే కాలం అడ్డొస్తుంది. పనిచేసే వయసువాళ్లు వలసపోయిన ఊళ్లలో కలుపు తీత అంటే మిగిలిన ఆడవాళ్ల పనే. ఒకే వారంలో అందరికీ మనుషులు కావాలంటే దొరకరు. మల్చింగ్ మీద ఆసక్తి పెరగడానికి దిగుబడి కంటే ఈ కొరతే పెద్ద కారణం.

తుంగ దగ్గర తేలే తేడా

షీటు, మ్యాటు రెండింటి కిందా పనిచేసే సూత్రం ఒకటే, వెలుతురు ఆపడం. చిన్న విత్తనాల నుంచి వచ్చే ఏడాది కలుపు, అంటే చిలకతోటకూర, గంగపాయల కూర, గుంటగలగర, వయ్యారిభామ లాంటివి, చీకట్లో మొలిచినా గింజలో దాచుకున్న తిండి అయిపోగానే చచ్చిపోతాయి. వీటి విషయంలో షీటుకూ మ్యాటుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

తుంగ అలా కాదు. దాని గడ్డలో నిల్వ ఉంటుంది. మొలక సూదిలా మొనదేలి లేస్తుంది, పాతిక మైక్రాన్ల పాలిథిన్‌ను సులువుగా పొడుచుకుని పైకి వస్తుంది. షీటు పరిచిన పది రోజులకే ఆ చిల్లుల్లోంచి తుంగ తొంగిచూసిన పొలాలు కొత్త కాదు. పీకబోతే షీటు ఇంకా చిరుగుతుంది. బిగువుగా నేసిన బరువైన మ్యాటు కింద ఆ మొన ఎక్కువసార్లు వంగిపోతుంది. నేత సడలిన చోట, అంచుల్లో, చిల్లుల దగ్గర మాత్రం దారి వెతుక్కుంటుంది. మ్యాటు తుంగను అణుస్తుందే తప్ప చంపదు. గడ్డలు నేలలో అలాగే ఉంటాయి, తీసిన నెలకే మళ్లీ లేస్తాయి. గరిక ఇంకో తీరు. అది కింద నుంచి పొడవదు, గట్టు మీద నుంచి పాకి మ్యాటు పైకెక్కుతుంది. గట్టును శుభ్రం చేయకుండా లోపల ఎంత పరిచినా ఫలితం సగమే.

ఏ కప్పూ కప్పలేని చోటు మొక్క కోసం చేసిన చిల్లు. ఎకరాకు రెండు మీటర్లు, 60 సెంటీమీటర్ల ఎడంతో దాదాపు 3,370 మొక్కలు పడతాయి. ఒక్కో చిల్లు 8 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే మొత్తం తెరిచి ఉన్న నేల 17 చదరపు మీటర్లు, అంటే ఎకరాలో అర శాతం కూడా కాదు. కలుపు తీత ఆ కాస్త నేలకే పరిమితమవుతుందన్నమాట. అయితే ఆ కలుపు మొక్క మొదలును ఆనుకునే ఉంటుంది, చేత్తో తప్ప దేనితోనూ తీయలేం. చిల్లు 15 సెంటీమీటర్లకు పెంచితే తెరిచిన నేల మూడింతలు దాటుతుంది. నాటడం తేలికని పెద్ద చిల్లు కోసేవాళ్లు ఆ శ్రమను తర్వాత కలుపు తీతలో కడతారు.

నీరు, వేడి, పురుగు

షీటు కింద తేమ ఎగరదు. వాన పడినా లోపలికి దిగదు. మ్యాటు ఈ రెండింటిలోనూ ఉల్టా. వాన నీటిని దించుతుంది, కింద తేమను కొంత వదులుకుంటుంది. బోరు నీళ్లు వేసవిలో తగ్గిపోయే గరువు (మెరక) నేలల్లో, ముఖ్యంగా విజయనగరం వైపు ఎర్ర చెలకల్లో, ఈ తేడా చిన్నది కాదు. మ్యాటు కింద డ్రిప్ కొంచెం ఎక్కువసేపు వదలాల్సి రావచ్చు.

మరోవైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో కొట్టే వానలున్నాయి. కాయ పక్వానికి వచ్చాక ఎండిన నేలకు ఒక్కసారిగా నీరందితే పగుళ్లు వస్తాయి. బోదె మీద షీటు ఉంటే ఆ నీళ్లలో చాలా భాగం కాలువలోకి జారిపోతాయి. మ్యాటు ఉంటే నేరుగా వేరు దగ్గరికి దిగుతాయి. అదే వాన తీగ సాగే దశలో పడితే మ్యాటు కింది పంటకే మేలు. అంటే వాన ఎప్పుడు పడిందన్న దాన్ని బట్టి లాభం పక్షం మారుతుంది.

కాయ కింది భాగం విషయంలో మ్యాటుకు మార్కులు పడతాయి. షీటు మీద గుంటలు పడిన చోట నీళ్లు నిలుస్తాయి. అక్కడ కూర్చున్న కాయ అడుగు మెత్తబడుతుంది. మ్యాటు మీద నీళ్లు నిలవవు. కాలువలో కూడా మ్యాటు ఉంటే తీగ అటు పాకి కాసిన కాయ మట్టి అంటకుండా బయటికి వస్తుంది.

వేడి సంగతి వేరు. నలుపు ఎండను మింగుతుంది. పుచ్చ గింజకు వెచ్చని నేల కావాలి, కాబట్టి డిసెంబరు చివర, జనవరి చలిలో నాటిన తోటకు ఆ నలుపు సాయం చేస్తుంది. మార్చి తర్వాత అదే నలుపు మీద లేత తీగ కొసలు, ఆకులు వాడే ప్రమాదం ఉంది. తీగలు కమ్మేశాక నేల కనిపించదు కాబట్టి ఇబ్బంది తగ్గుతుంది. ఆలస్యంగా, మార్చిలో పెట్టే తోటకు నల్ల మ్యాటు సరైన ఎంపిక కాదు.

అసలు పెద్ద లోటు పురుగు దగ్గర. వెండి రంగు షీటు మీద పడిన వెలుగు కింది నుంచి పైకి చెదిరి, పేనుబంక, తామర పురుగు, తెల్లదోమ మొక్క మీద వాలకుండా తికమక పెడుతుంది. తామర పురుగులు మోసుకొచ్చే మొవ్వుకుళ్లు వైరస్ మన దేశంలో పుచ్చను ముంచే తెగుళ్లలో ముఖ్యమైనది. సోకిన మొక్కకు మందు లేదు. మొదటి నెల రోజులు పురుగును దూరం పెట్టడమే చేయగలిగింది. నల్ల మ్యాటుకు ఆ గుణం లేదు. కలుపు ఒక్కటే చూసి షీటు మానేసినవాళ్లు ఈ రక్షణనూ వదులుకుంటున్నట్టే. తెలుపు, వెండి రంగు మ్యాట్లు తయారవుతున్నాయి కానీ అవి పండ్లతోటల కోసం చేసినవి, ధరా ఎక్కువే.

తేనెటీగల మాట కూడా ఇక్కడే. పుచ్చలో ఆడపూలు, మగపూలు వేరు. ఆడపువ్వు ఒక్క రోజే విచ్చుకుంటుంది, ఆ పూట తేనెటీగలు చాలినన్నిసార్లు వాలకపోతే కాయ వంకర పోతుంది, లేదా పిందె రాలిపోతుంది. నేలలో బొరియలు చేసుకునే అడవి తేనెటీగలకు పొలమంతా కప్పిన గుడ్డ అడ్డే. గట్ల మీద పూలిచ్చే మొక్కలను కొంత ఉంచడం దీనికి విరుగుడు, గరికను మాత్రం పాకనివ్వకుండా.

బరువులో దొరికే లెక్క

ధరలు ఊరికీ ఏడాదికీ మారతాయి. కిలోల్లో చూస్తే బేరం స్పష్టంగా కనిపిస్తుంది. రెండు మీటర్ల ఎడంతో ఎకరంలో వరుసల పొడవు మొత్తం 2,020 మీటర్ల పైచిలుకు. 1.2 మీటర్ల వెడల్పు షీటు బోదెల మీద పరిస్తే 2,430 చదరపు మీటర్లు కావాలి. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు సుమారు 23 గ్రాములు, కాబట్టి ఎకరాకు దాదాపు 56 కిలోలు. అంతే నేలకు 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు 100 గ్రాముల) మ్యాటు పరిస్తే 243 కిలోలు. ఎకరమంతా కప్పితే 400 కిలోలు దాటుతుంది.

అంటే బోదె వరకే చూసినా మ్యాటులో షీటు కంటే నాలుగింతలకు పైగా ప్లాస్టిక్ ఉంది. కిలో ధర రెండింటికీ దగ్గరగా ఉందనుకుంటే, మ్యాటు ఐదో పంటకు గానీ షీటు ఖర్చుతో సమానం కాదు. పరిచే కూలీ, తీసే కూలీ, చుట్టి ఇంటికి చేర్చే బండి కిరాయి దీనికి అదనం. షీటుకూ తీసే కూలీ ఉంటుంది. చాలామంది ఆ లెక్క వేసుకోరు, ఎందుకంటే చిరిగిన ముక్కలను పొలంలోనే వదిలి దున్నేస్తున్నారు. ఆ ఖర్చు ఎగ్గొట్టినప్పుడే షీటు మరీ చవకగా కనిపిస్తుంది.

ఏడాదికి ఒక్క పుచ్చ పంటకే వాడితే ఐదు పంటలంటే ఐదేళ్లు. మ్యాటు ఆయుష్షుగా మామూలుగా చెప్పేదీ మూడు నుంచి ఐదేళ్లే. లెక్క సమానమయ్యే వేళకు మ్యాటు పాతబడిపోతుంది. గిట్టుబాటు కావాలంటే ఏడాదిలో రెండు పంటలకైనా వాడాలి. ఇక్కడ చిల్లుల దూరం అడ్డొస్తుంది. 60 సెంటీమీటర్లకు కాల్చిన మ్యాటు దోస, ఖర్బూజ, వంగ లాంటి వాటికి సరిపోవచ్చు. దగ్గరగా నాటే పంటకు పనికిరాదు, కొత్త చిల్లులు చేస్తే పాతవాటిలోంచి కలుపు వస్తుంది.

వరి పొలం, గరువు, ఉద్దానం ఇసుక

మహారాష్ట్రలో దానిమ్మ తోటలకో, విదేశాల్లో కూరగాయల మడులకో సరిపడిన పద్ధతి ఇక్కడ యథాతథంగా పట్టకపోవడానికి కారణం నేల వాడకమే. పల్లపు పొలంలో జూన్, జులైలో మళ్లీ వరికి దమ్ము పట్టాలి. మ్యాటు ఏడాది పొడవునా ఉండలేదు. తొలి వానలకు ముందే మ్యాటును నేలకు బిగించిన పిన్నులు పీకి, మట్టి దులిపి, ఎండబెట్టి చుట్టాలి. దమ్ములో ఒక్క ముక్క మిగిలినా దాని పోగులు రోటవేటర్ పళ్లకు చుట్టుకుంటాయి. నాగావళి, వంశధార కాలువల కింది పొలాల్లో పక్క మడి నీరు ఊరి నేల తడారకపోతే, మ్యాటు కింద గాలి ఆడినా వేరు కుళ్లు తప్పదు. అక్కడ ముందు ఆలోచించాల్సింది బోదె ఎత్తు గురించి.

వరి పొలానికి ఒక లాభం మాత్రం ఉంది. నాలుగు నెలలు నీళ్లలో నానిన నేలలో మెట్ట కలుపు విత్తనాలు కొన్నైనా చస్తాయి. కోతయ్యాక ఒక తడి ఇచ్చి, మొలిచిన కలుపును పైపైన గుంటకతో కోసేసి, ఆ తర్వాత పుచ్చ పెడితే తొలి దఫా కలుపు బాగా తగ్గుతుంది. పెద్ద ఖర్చు లేని పని. దీన్ని వదిలి గుడ్డ కొనడం వరస తప్పడమే. వారం, పది రోజుల ఆలస్యానికి ఇష్టపడక ఎక్కువ మంది దీన్ని దాటేస్తున్నారు.

గరువు భూముల్లో కథ మారుతుంది. విజయనగరం జిల్లా గజపతినగరం, బొండపల్లి, గుర్ల వైపు కూరగాయలు ఏడాదంతా వేసే చేలల్లో మ్యాటు ఒక పంట నుంచి మరో పంటకు కదులుతూ ఉండగలదు. అయితే పుచ్చ మాత్రం అదే చోట మళ్లీ మళ్లీ రాకూడదు. ఎండు తెగులు శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది, పంట మార్పిడి తప్పదు. మ్యాటు ఎక్కువ కాలం ఉంటుంది, పుచ్చ ఒకే చోట ఉండకూడదు. ఈ రెండూ కలిస్తే తేలేది, మ్యాటు పొలం మారాలి. పొలం మారినప్పుడు దానికి అంటిన మట్టితో తెగులు, నులిపురుగు కూడా మారతాయి. తెగులు తగిలిన చేలో వాడిన మ్యాటును కడిగి, వేసవి ఎండలో రెండు పక్కలా ఆరబెట్టకుండా కొత్త చేలోకి తీసుకెళ్లడం అంటే తెగులును మోసుకెళ్లడమే.

తీరం వెంట సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు ఇసుక నేలల్లో ఇబ్బంది వేరే రకం. నీరు ఇట్టే ఇంకిపోతుంది కాబట్టి వాన నీటిని దించుతుందన్న గుణం అంత అక్కరకు రాదు. తేమ నిలిపే షీటే మేలు. మ్యాటు పరిచినా ఇనుప పిన్నులు ఇసుకలో నిలవవు, సముద్రపు గాలికి అంచులు లేచిపోతాయి. అంచులను జానెడు లోతు పూడ్చాలి, లేదా ఇసుక నింపిన సంచులు బరువు పెట్టాలి. పైగా గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మ్యాటు మీద పేరుకుంటే దానిలోనే కలుపు మొలుస్తుంది. ఆ వేళ్లు నేతలోంచి కిందికి దిగాక పీకితే గుడ్డ చిరుగుతుంది. ఇది ఇసుక నేలలకే కాదు, ఎక్కడైనా రెండో ఏడు నుంచి కనిపించే జబ్బే. ఏటా చీపురుతో ఊడ్చేది అందుకే.

పరిచే తీరులో తేలే ఫలితం

డ్రిప్ లేకుండా కాలువ పారకంతో పెంచే తోటలో మ్యాటు వద్దు. కాలువ నీటితో వచ్చిన ఒండ్రు గుడ్డ మీద పొరలా పడి, మొదటి నెలలోనే కలుపుకు మడి అవుతుంది. అదీకాక మ్యాటు పరిచాక పైపాటు ఎరువు వేయడానికి నేల అందదు. పశువుల ఎరువు, అడుగు మందు ముందే కలిపేసి, మిగతాది డ్రిప్ నీళ్లతోనే ఇవ్వాలి. లేటరల్ పైపులు (వరుస వెంట నీళ్లిచ్చే సన్న డ్రిప్ గొట్టాలు) గుడ్డ కింద ఉంటాయి కాబట్టి పరిచే ముందే నీళ్లు వదిలి, మూసుకుపోయిన చోట్లు సరిచేసుకోవాలి.

చిల్లులను కత్తెరతో కోస్తే పోగులు విడిపోతూ పోతాయి. గాలికి ఆడే ఆ పోగులు లేత కాడను కోసేస్తాయి కూడా. కాల్చిన ఇనుప గొట్టంతో అద్దితే అంచు కరిగి అతుక్కుంటుంది. పొగ మంచిది కాదు, ఆరుబయట గాలికి ఎదురు నిలబడకుండా చేయాలి. చిల్లుల బాధే లేకుండా ఇంకో మార్గం ఉంది. మొక్క వరుస దగ్గర 15, 20 సెంటీమీటర్ల పట్టీ వదిలి, రెండు వైపులా మ్యాటు పరచడం. వదిలిన పట్టీలో కలుపు చేత్తో తీయాలి. కానీ గుడ్డకు చిల్లు పడదు, వరుస ఎడం సరిపోయే ఏ పంటకైనా మళ్లీ వాడుకోవచ్చు.

ఈ ఆలోచనను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తే రెండింటినీ కలిపి వాడే పద్ధతి వస్తుంది. బోదె మీద వెండి షీటు, బోదెల మధ్య 0.8 మీటర్ల ఖాళీలో మ్యాటు. ఎకరాకు మ్యాటు 160 కిలోల చిల్లర సరిపోతుంది. పురుగు రక్షణ, తేమ షీటు చూసుకుంటుంది. మనిషి దిగలేని, తీగలు పాకే ఖాళీని మ్యాటు చూసుకుంటుంది. చిల్లులు లేవు కనుక దాని ఆయుష్షూ పెరుగుతుంది. పొలమంతా గుడ్డ పరచడం కంటే ఈ జిల్లాల పుచ్చకు నప్పేది ఇదే అనిపిస్తుంది. బోదె మీద తుంగ ఉన్న పొలం మాత్రం దీనికి మినహాయింపు.

గడ్డి, కొబ్బరాకు, గోనె

మధ్య ఖాళీని కప్పడానికి ప్లాస్టిక్కే కావాలని లేదు. వరిగడ్డి నాలుగు అంగుళాల మందాన పరిస్తే వెలుతురు ఆగుతుంది, నేల చల్లగా ఉంటుంది, నులితీగలకు పట్టు దొరికి గాలికి తీగలు దొర్లవు. పశువులున్న ఇంట్లో గడ్డిని చేలో పరవమంటే ఒప్పుకోరు, అది న్యాయమే. గడ్డిలో మిగిలిన వడ్లు మొలుస్తాయి, ఎర్ర నేలల్లో చెదలు పడతాయి. యంత్రంతో కోసి గడ్డి ముక్కలుగా పొలంలోనే మిగిలే చోట్ల ఈ అభ్యంతరాలు కొంత తగ్గుతాయి. ఉద్దానంలో కొబ్బరాకు, జీడాకు చేతికందేవే.

గోనె పట్టా సంగతి ఈ ప్రాంతానికి దగ్గరిది. గోగు సాగు, జనపనార మిల్లులు ఉన్న జిల్లాలివి. గోగు మీద ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలో చాలా కాలంగా పని జరుగుతోంది. నారతో నేసిన పట్టా ఒక పంటకాలం నిలిచి, నేలలోనే కుళ్లిపోతుంది. తీసే కూలీ లేదు, దమ్ముకు అడ్డు లేదు. వరి తర్వాత పుచ్చకు ఇంతకంటే సరిపడే గుణం ఇంకోటి లేదు. ఏటా కొత్తది కొనాలి, పలచటి నేత అయితే తుంగ ఆగదు. ధర దగ్గరే ఇది ముందుకు కదలడం లేదు.

కౌలు, రాయితీ, కొనుగోలు

ఒక్క ఏడాది మాటకౌలుకు భూమి తీసుకున్నవాళ్లు ఐదేళ్ల వస్తువు కొంటారా అన్న సందేహం సహజం. మ్యాటుకు ఉన్న వెసులుబాటు ఏమిటంటే అది భూమికి అంటుకుని ఉండదు, కౌలుదారుతో పాటు పోతుంది. కానీ పొలం కొలతలు మారితే ముక్కలు మిగలడం, చాలకపోవడం తప్పదు. చుట్టలను ఎలుకలు చేరని చోట దాచాలి, ఆ చోటు అందరి ఇళ్లలోనూ ఉండదు.

కేంద్ర పథకమైన సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల్లో ప్లాస్టిక్ మల్చింగ్‌కు హెక్టారుకు ₹32,000 ఖర్చుగా లెక్కించి, రెండు హెక్టార్ల వరకు 50 శాతం రాయితీ పెట్టారు. ఆ నియమాలను తర్వాత సవరించారు. నేసిన మ్యాటుకు రాయితీ వర్తిస్తుందా, కౌలుదారు పేరు మీద ఇస్తారా అన్నవి కొనకముందే రైతు సేవా కేంద్రంలో అడగాల్సిన ప్రశ్నలు. బిల్లు తెచ్చాక అడిగితే జవాబు ఏదైనా చేసేది లేదు.

దుకాణంలో నాణ్యత తేల్చుకోవడానికి తూకమే నమ్మకమైన దారి. చుట్ట మీద జీఎస్ఎం అని రాసే అంకె అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములన్నది. రెండు మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు ఉన్న 100 జీఎస్ఎం చుట్ట, లోపలి గొట్టం కాకుండా, పది కిలోలు తూగాలి. ఎనిమిది కిలోలే తూగితే అది 80 జీఎస్ఎం సరుకు, పైన ఏమి రాసి ఉన్నా. ఎండకు తట్టుకుంటుందన్న పూచీ ఎన్నేళ్లన్నది బిల్లు మీద రాయించుకోవాలి, ఎందుకంటే యూవీ మందు కలిసిందో లేదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు.